వసంతకాలపు వారము: వాతావరణ సూచనయు, పంచాయతీ బాధ్యతయు

(విశాఖ ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చైత్ర వైశాఖములు వచ్చినవనగా మన విశాఖ ప్రాంతపు గ్రామములకు తీరిక లేని కాలము. తోటలలో మామిడి పిందె కాయగా ముదురుచుండును. కొండవాలులలో జీడిపిక్కలు రాలుచుండును. కళ్లములలో మినుము, పెసర, నువ్వు, మొక్కజొన్న ఎండుచుండును. పెండ్లిండ్లు, గ్రామదేవతల పండుగలు ఒక వంక; చెరువు పూడికతీత, కాలువల మరమ్మతు మరియొక వంక. ఇవి యన్నియు ఆరుబయట జరుగవలసిన పనులే. కావున తక్కిన ఋతువులలో కంటె వసంతమున గ్రామస్థుడు ఆకాశము వంక ఎక్కువగా చూచును. "వచ్చు వారము ఎట్లుండును?" అను ప్రశ్నకు సమాధానమును ఎట్లు తెలిసికొనవలెనో, తెలిసిన దానిని ఎట్లు వినియోగింపవలెనో నేడు మీ ముందుంచ దలచితిమి.

ఫలానా తేదీన వాన కురియునని చెప్పుటకు మేము రాలేదు. ఆ మాట చెప్పుటకు శాస్త్రజ్ఞులు కలరు. వారు ప్రతిదినము చెప్పుచునే యున్నారు. ఆ మాట మన పంచాయతీ కార్యాలయము వరకు వచ్చి అచ్చటనే నిలిచిపోవుచున్నదా, లేక పొలిమేరలో గొఱ్ఱెలు కాయు పిల్లవాని వరకు పోవుచున్నదా అనునదియే నేటి విచారణ.

ఓడరేవు నేర్పిన పాఠము

వాతావరణమును కనిపెట్టి చూచుటలో విశాఖపట్టణమునకు పాత పేరు కలదు. గోడే వేంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్సులో తమ సొంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పిరి. ఓడలవారు తమ గడియారములను సరిచూచుకొనుటకు డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా సంకేతమును ఏర్పాటు చేసిరి. వారి పిమ్మట వారి అల్లుడు అంకితం వేంకట నరసింగరావు గారు గ్రహ నక్షత్రములతో పాటు గాలి, వాన, ఉష్ణోగ్రతలను కూడ ఓపికతో లెక్క వ్రాయుచు వచ్చిరి. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. అంతకు 35 సంవత్సరములు ముందే మన ఊరిలో ఒక గృహస్థుడు ఈ పనికి పూనుకొనెనని గుర్తుంచుకొనదగినది.

1933లో విశాఖ రేవు ప్రారంభమైనది. సముద్రమున వాయుగుండము పుట్టినప్పుడు మన దేశపు రేవులలో ఒకటి మొదలు పదునొకటి వరకు గల ప్రమాద సంకేతములను ఎగురవేయు పద్ధతి కలదు. ఒకటవ నంబరు కనబడినచో దూరసముద్రమున వాయుగుండమున్నదనియు, రేవునకు అప్పటికి భయము లేదనియు అర్థము. మూడవ నంబరు వచ్చినచో రేవునకే ఈదురుగాలుల బెడద కలదని అర్థము. పదవ నంబరు మహాప్రమాదమునకు గుర్తు. పదునొకటవ నంబరు వచ్చినచో హెచ్చరిక కేంద్రముతో సంబంధమే తెగిపోయినదని తెలిసికొనవలెను. నావికుడు ఈ గుర్తును చూచినంతనే తన పని తాను చేసికొనును. గుర్తునకు అర్థమేమి, తన కర్తవ్యమేమి అనునవి అతనికి ముందే తెలియును.

గ్రామమునకు అట్టి జెండా కొయ్య లేదు. గాలివాన వచ్చుచున్నదని కేంద్రమునకు తెలియును, జిల్లా కార్యాలయమునకు తెలియును, చేతిలో ఫోను గల యువకునికి తెలియును. తాటిచెట్టెక్కిన గీత కార్మికునికి మాత్రము తెలియదు. ఆ కొరతను తీర్చగలిగినది పంచాయతీ ఒక్కటే.

మన వసంతము తీరు

ముందుగా మన ప్రాంతపు వాతావరణము ఎట్లు నడచునో కొంత తెలిసికొందము. తూర్పున బంగాళాఖాతము, పడమట తూర్పు కనుమలు, నడుమ సన్నని మైదానము: ఇదియే మన నేల పొందిక. ప్రొద్దెక్కిన కొలది నేల త్వరగా వేడెక్కును, సముద్రము నెమ్మదిగా వేడెక్కును. నేలపై వేడిగాలి పైకి లేవగా దాని చోటు నింపుటకు సముద్రము మీది చల్లగాలి లోనికి వచ్చును. ఇదియే సముద్రపు గాలి. ఇది వేళకు వచ్చిన దినమున తీరగ్రామములలో ఎండ హద్దు మీరదు, కాని చెమట ఆరనీయని ఉక్క మాత్రము తప్పదు.

కొన్ని దినములలో పడమటి గాలి బలముగా వీచును. అది లోపలి పొడినేలల వేడిని మోసికొని వచ్చి సముద్రపు గాలిని తీరముననే అడ్డగించును. అట్టి దినమున విశాఖ, అనకాపల్లి పరిసరములలో ఎండ ఒక్కసారిగా పెరుగును. కావున సూచనలో "పడమర, వాయవ్య దిశల నుండి గాలులు" అను మాట వినబడినచో దానిని తేలికగా తీసికొనరాదు.

అరకు, పాడేరు, చింతపల్లి వైపున సంగతి వేరు. అచ్చట ఉదయము నిర్మలముగానే యుండును. మధ్యాహ్నమునకు కొండలపై వేడిగాలి, సముద్రము నుండి వచ్చిన తేమ కలిసి గోపురములవలె మేఘములు లేచును. సాయంకాలమునకు ఉరుములు, మెఱుపులు, ఈదురుగాలి, ఒక్కొక్కప్పుడు వడగండ్లు. ఆ మేఘములు కొండ దిగి మైదానమునకు వచ్చుటయు కలదు. ఉదయమున ఎండ కాయుచున్నది కదా యని సాయంకాలమునకు ధీమా వహించుట వసంతమున చెల్లదు.

సూచనలోని మాటల అర్థము

"ఉత్తర కోస్తాలో రేపు ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వర్షము కురియ వచ్చును" అని సూచన వచ్చినదనుకొందము. మన ఊరిలో చినుకు పడలేదు. వెంటనే "వాన యన్నారు, ఏదీ?" యని నవ్వుదురు. కాని ఆ మాటల కొలత వేరు. ఒక ప్రాంతమునందలి వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతునకు మించని చోట్ల వాన పడుననుటకు "ఒకటి రెండు చోట్ల" అందురు. నాలుగవ వంతు దాటి సగము వరకైనచో "కొన్ని చోట్ల". సగము దాటి మూడు వంతుల వరకైనచో "చాలా చోట్ల". అంతకు మించినచో "అనేక చోట్ల". కావున మొదటి మాట విన్నప్పుడు మన ఊరికి వాన రాకపోవుటయే ఎక్కువ సంభవము. అయినను పిడుగు పడుటకు ఒక్క మేఘము చాలును.

వాన మోతాదునకును లెక్క కలదు. ఒక దినమున 15.6 మిల్లీమీటర్ల నుండి 64.4 వరకు కురిసినచో మోస్తరు వర్షము, 64.5 నుండి 115.5 వరకు భారీ వర్షము, 115.6 నుండి 204.4 వరకు అతిభారీ వర్షము. ఆపైన అత్యంత భారీ వర్షము. దినము అనగా ఉదయము 8.30 గంటల నుండి మరునాటి ఉదయము 8.30 వరకు. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. పది మిల్లీమీటర్లు కురిసినచో ఎకరము నేలపై పడు నీరు సుమారు 40 వేల లీటర్లు. కళ్లములో కప్పని మినుప కుప్పను చెరచుటకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

రంగుల సంగతి కూడ తెలియవలెను. ఆకుపచ్చ యనగా హెచ్చరిక లేదు. పసుపు యనగా గమనించుచుండుడు. నారింజ యనగా సిద్ధపడుడు. ఎఱుపు యనగా వెంటనే చర్య తీసికొనుడు. రేవులోని సంకేతములవలె ఈ నాలుగు రంగులు ఊరిలో పిల్లలకు కూడ కంఠతా రావలెను.

వడగాడ్పునకు మైదానమునకొక కొలత, తీరమునకొక కొలత. మైదానమున ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తీరమున 37 డిగ్రీలు చేరి, అది ఆ కాలపు మామూలు కంటె 4.5 డిగ్రీలైనను హెచ్చుగా నున్నప్పుడు వడగాడ్పు అందురు. తీరమునకు తక్కువ అంకె పెట్టుటలో అర్థము కలదు. తేమగాలిలో చెమట ఆరదు. చెమట ఆరనిచో శరీరము చల్లబడదు. "రాయలసీమలో 43 ఉండగా మనకు 38 ఏపాటి?" అను మాట ప్రమాదకరమైనది.

ఎన్ని దినముల ముందుచూపు?

ఉగాదినాడు పంచాంగ శ్రవణము విని సంవత్సరపు వాననుగూర్చి ముచ్చటించుకొనుట మన ఆచారము. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి కార్తెలను బట్టి సేద్యపు పనులు నిర్ణయించుకొనుట మన పెద్దల అనుభవము. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులునను సామెతలో ఆ కాలపు స్వభావము నిక్కముగానే యున్నది. కార్తె వలన ఋతువు స్వభావము తెలియును. రాబోవు మంగళవారమున ఏమగునో తెలియవలెనన్నచో గాలిని, తేమను, పీడనమును నేటి దినమున కొలిచి లెక్క కట్టవలెను. రెండింటికిని వైరము లేదు. దేని పని దానిదే.

ఆ లెక్కకును హద్దు కలదు. రేపటి, ఎల్లుండి మాట చాలవరకు నమ్మదగినది. అయిదవ దినపు మాట అంత గట్టిది కాదు. ఏడవ దినపు మాటను "వేడి పెరుగునా, తగ్గునా; వానలకు అవకాశమున్నదా, లేదా" అనునంత మాత్రముగా గ్రహింపవలెను. వాతావరణ శాఖవారు ప్రతి గురువారము రానున్న వారములను గూర్చి విస్తృత సూచనను వెలువరింతురు. ప్రతి మంగళ, శుక్రవారములందు రైతులకొఱకు వ్యవసాయ వాతావరణ సలహాలు వెలువడును. ఉరుముల మేఘమును మాత్రము కొద్ది గంటల ముందుగానే నిక్కముగా చెప్ప వీలగును. అందుకొఱకే కైలాసగిరిపై డాప్లరు రాడారు నిలిపిరి. కావున వారమునకొకసారి పని ఏర్పాటును, దినమునకొకసారి సవరణను, మబ్బు పట్టిన గంటలో జాగ్రత్తను పాటింపవలెను.

ఇటీవలి కాలమున పంచాయతీలకు మరియొక సౌకర్యము కలిగినది. 2024 అక్టోబరు 24న కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖయు, వాతావరణ శాఖయు కలిసి గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనను ప్రారంభించినవి. అయిదు దినముల సూచన ఈ-గ్రామ్‌స్వరాజ్, మేరీ పంచాయత్, గ్రామ్ మాన్‌చిత్ర అను సాధనముల ద్వారా అందును. 2025 మే 26న ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులుగా లెక్క కట్టును; అంతకు ముందు గడి పన్నెండు కిలోమీటర్లు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు మండలముల వారీగా వడగాడ్పు, పిడుగు హెచ్చరికలను ఇచ్చుచున్నారు. వార్త దొరకుట లేదను మాటకు ఇక తావు లేదు. వార్తను చేరవేయు మనిషి కావలెను.

ప్రాణములకు సంబంధించిన మాట

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రమున 13 గంటలలో 36,749 పిడుగుపాటులు నమోదైనవి. ఆ ఒక్క అంకె చాలును, వసంతపు మేఘమెట్టిదో తెలియుటకు. మరణించువారు సాధారణముగా ఎవరు? పొలములో కలుపు తీయు స్త్రీ, చెట్టు క్రింద తలదాచుకొన్న పశువుల కాపరి, చెరువు గట్టున చేపలు పట్టు యువకుడు. వీరిలో పెక్కురికి హెచ్చరిక అందదు. అందినను ఎక్కడికి పోవలెనో తెలియదు.

ఊరివారికి చెప్పవలసినది కొద్ది మాత్రమే. మెఱుపు కనబడిన పిమ్మట ముప్పది లెక్కించులోపుగా ఉరుము వినబడినచో మేఘము పది కిలోమీటర్లలోపుగా నున్నదని అర్థము. వెంటనే పక్కా ఇంటిలోనికి పోవలెను. చివరి ఉరుము వినబడిన పిమ్మట అరగంట వరకు బయటకు రారాదు. తాటి, మామిడి, చింత ఏ చెట్టు క్రిందను నిలువరాదు. రేకుల పందిరి రక్షణ కాదు. చెరువు నుండి, నీరు నిలిచిన మడి నుండి తొలగవలెను. ఇల్లు దొరకనిచో పాదములు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుకూర్చుండవలెను, నేలపై పండుకొనరాదు. పిడుగు తగిలినవానిని ముట్టుటకు భయపడరాదు. అతని శరీరమున విద్యుత్తు నిలిచియుండదు. శ్వాస ఆగినచో వెంటనే గుండెపై ఒత్తుచు 108 వాహనమును పిలువవలెను. పుణె శాస్త్రజ్ఞుల సంస్థ రూపొందించిన దామిని అను ఫోను సాధనము చుట్టుపట్ల 20, 40 కిలోమీటర్లలో పిడుగుల జాడను తెలుపును. వార్డునకు ఒకరి ఫోనులోనైనను అది యుండునట్లు చూడుడు.

ఎండ సంగతి పిడుగు వలె చప్పుడు చేయదు. 2015 మే నెల వడగాడ్పులలో మన రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ముసలివారు, కూలిపని చేయువారు. మన గ్రామముల నుండి రేవు పనులకు, ఉక్కు కర్మాగారపు పరిసరములలోని పనులకు, ఇండ్ల కట్టడములకు దినము పోయివచ్చు కూలీలు పెక్కురు కలరు. వారు ఉదయమున ఊరిలో నున్నప్పుడే హెచ్చరిక వారి చెవిని పడవలెను. ఊరి పనులను ప్రొద్దుటనే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించునట్లు ఏర్పాటు చేయవలెను. పనిచోట నీడ, త్రాగునీరు, ఉప్పు కలిపిన మజ్జిగ లేక చోడి అంబలి యుండవలెను. ఒంటరిగా నున్న వృద్ధులను దినమునకొకసారి పలుకరించు భారమును వార్డు సభ్యుడు వహింపవలెను. ఒడలు కాలిపోవుచు మాట తడబడినచో అది వడదెబ్బ; నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, విసరి, వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

మే నెలలో తుపానులు

తుపానులు కార్తీకముననే వచ్చునని కొందరి నమ్మకము. అది నిజము కాదు. 1990 మే 9న కృష్ణాతీరమును మహాతుపాను తాకినది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. 2022 మే 11న అసని బలహీనపడి మచిలీపట్నము, నరసాపురముల నడుమ ఒడ్డు చేరినది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించిరి. 1990 నాటి తుపాను అల్పమైనది కాకున్నను మరణములు వేయి లోపుగా నిలిచినవి. ముందుగా హెచ్చరిక అందుటయు, ప్రజలను సురక్షిత స్థలములకు చేర్చుటయు ఇందుకు ముఖ్య కారణములు. ఆ వేయి ప్రాణములును పోగూడనివే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరమునే తాకినప్పుడు ముందుగా తెలియుట ఎంత మేలు చేసెనో మీలో పెక్కురు కన్నులార చూచిరి.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము కలదు. కాని మరలేని చిన్న తెప్పలకు ఆ నిషేధము వర్తింపదు. కావున తీరగ్రామములలో గాలి హెచ్చరిక అవసరము వసంతమున తగ్గదు. తెప్పవానికే అది మరింత అవసరము.

పంచాయతీ చేయదగిన పని

ఇంతకును మేము కోరునది పెద్ద వ్యయముతో కూడినది కాదు. మొదటిది: పంచాయతీ కార్యాలయము ముందు ఒక నల్లబల్ల. శుక్రవారపు సలహా రాగానే వచ్చు వారపు సారాంశమును పెద్ద అక్షరములతో అందరకు తెలియు తెలుగులో వ్రాయించుడు. ప్రతి ఉదయము ఆనాటి రంగును మార్చుడు. రెండవది: బాధ్యుడు ఒకడు. అందరి పని ఎవరి పనియు కాదు. పేరు నిర్ణయించి తీర్మానములో వ్రాయుడు. అతడు ఊరిలో లేనప్పుడు చేయువాని పేరును వ్రాయుడు. మూడవది: మైకు లేక దండోరా. నారింజ, ఎఱుపు హెచ్చరికలు బల్లపై వ్రాసి ఊరుకొనదగినవి కావు. చదువురాని వానికి, పొలములో నున్న వానికి శబ్దమే చేరును. నాలుగవది: ఆశ్రయము. పొలములకు దగ్గరగా నున్న పక్కా కట్టడము లేవేవో గుర్తించి, తాళములు ఎవరి యొద్ద నున్నవో నిర్ణయించుడు. అయిదవది: ఒక వర్షమాపకము, ఒక పుస్తకము. పాఠశాల పిల్లలచే ప్రతి ఉదయము 8.30కు కొలిపించి వ్రాయించుడు. రెండేండ్లు గడచునప్పటికి సూచన ఎంతవరకు నిజమగుచున్నదో మీ ఊరి లెక్కయే మీకు చెప్పును.

"సూచన తప్పినచో ప్రజలు మమ్ము నిందింపరా?" అని మీరు అడుగ వచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కళ్లములోని కుప్పపై టార్పాలిను కప్పినను వాన రాకున్నచో పోవునది ఒక గంట శ్రమ. కప్పక వాన వచ్చినచో పోవునది ఒక పంట. చెట్టు క్రింది నుండి ఇంటికి పోయినను పిడుగు పడకున్నచో పోవునది అరపూట కూలి. పోక పడినచో పోవునది ఒక కుటుంబపు ఆధారము. ఈ లెక్కను గ్రామసభలో ఒకసారి దాపరికము లేక చెప్పుడు. "ఒకటి రెండు చోట్ల" అను మాటకు అర్థము తెలిసిన ఊరు సూచన తప్పినదని తొందరపడి నవ్వదు. ఎండ, వాన, మబ్బు మన చేతిలోనివి కావు. వార్తను వాడవాడకు పంపుట మన చేతిలోనిదే.

వచ్చు సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ అంశమును చేర్చుడు. ఏ వార్డున ఎవరు కబురు చేరవేయుదురో పేర్లు వ్రాసికొని లేవుడు. మేమును మీ గ్రామముల నల్లబల్లలను చూచుటకు వత్తుము.